అనగా, అనగనగా

పరీక్ష కాగితం మీద 'సంధి అనగానేమి?' అని అచ్చై ఉంటుంది. రాత్రి మంచం మీద నాయనమ్మ నోట 'అనగనగా' అని వినిపిస్తుంది. రెండు చోట్లా ఉన్న ధాతువు ఒకటే, అను. ఒక్కసారి అంటే నిర్వచనం, రెండుసార్లు అంటే కథ. బడిలో చేరే పిల్ల రెండో మాటను నోట పెట్టుకునే వస్తుంది. ఐదో తరగతి దాటేసరికి ఆమె చేతిరాతలో మొదటిదే మిగులుతుంది. పిల్లలకు కథ రాయడం నేర్పాలన్న మాట వచ్చినప్పుడల్లా, అందులోనూ కథను ఎక్కడ ఎత్తుకోవాలి, ఎక్కడ దించాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను ఈ మాట దగ్గరే ఆగిపోతాను.

అనగ అంటే 'అంటూ ఉండగా' అని. 'రాముడు పిలవగా లక్ష్మణుడు వచ్చాడు' అన్నప్పుడు పిలిచినవాడు వాక్యంలో కనబడుతున్నాడు. అనగనగాలో అన్నవాడు కనబడడు. క్రియ ఉంది, కర్త లేడు. పైగా ఆ క్రియ జంటగా వచ్చింది. అడగ్గా అడగ్గా ఇచ్చాడు, వెతగ్గా వెతగ్గా దొరికింది అన్నట్టే, ఇది అనగా అనగా మన దాకా వచ్చిందన్నమాట. ఇది నేను పుట్టించింది కాదు, నాకు ముందు ఎందరో అన్నారు, ఇప్పుడు నా వంతు వచ్చింది, రేపు నీ వంతు వస్తుంది అని చెప్పే మనిషి ఆ ఒక్క మాటతో వినేవాళ్లకు తెలియజేస్తుంది.

ఇంగ్లీషు కథ కాలంతో మొదలవుతుంది, వన్స్ అపాన్ ఎ టైమ్ అని. తమిళ పాటీ 'ఒరే ఒరు ఊరిలే' అని ఊరితో మొదలుపెడుతుంది. హిందీ దాదీ 'ఏక్ థా రాజా' అని మనిషితో మొదలుపెడుతుంది. తెలుగు నాయనమ్మ కాలాన్నీ ఊరినీ రాజునూ కాసేపు ఆగమని, అనడాన్నే ముందుకు తెస్తుంది. అనగనగాకు అర్థం చెప్పమంటే మనం తడుముకోకుండా 'చాలాకాలం క్రితం' అంటాం. ఆ అర్థంలో కాలం ఉంది కానీ, కథను నోటి నుంచి నోటికి మోసుకొచ్చిన మనుషులు లేరు.

ఖమ్మం వైపు ఇళ్లల్లో కథ వింటే ఈ అను అనే క్రియ మొదట్లోనే ఆగిపోదని తెలుస్తుంది. 'ఒక అవ్వ ఉండెనంట. అవ్వకు ఒక కోడి ఉండెనంట. ఒకనాడు కోడి గుట్ట దిక్కు పోయిందంట.' ప్రతి వాక్యం చివరా అంట. అదీ అనులోంచి వచ్చిందే. నేను చూడలేదు, విన్నాను, విన్నది నీకు చెబుతున్నాను అనే ఒప్పందం వాక్యం వాక్యానికీ కొత్తగా జరుగుతుంది. ఇదే కథను కాగితం మీద పెట్టమంటే ముందుగా ఎర్ర సిరా పడేది ఈ అంటల మీదే. 'ఒక ముసలమ్మ ఉండెను. ఆమెకు ఒక కోడి కలదు.' ఇందులో దిద్దడానికి ఏమీ లేదు, ఎవరో చెబుతున్నారన్న జాడా లేదు. రాతలో ప్రతి వాక్యానికీ అంట ఉంచాలని నేననడం లేదు, చదవడానికి విసుగు పుడుతుంది. దాన్ని కొట్టేసేటప్పుడు ఏం కొట్టేస్తున్నామో నేర్పేవాళ్లకు తెలిసి ఉండాలి. వినేవాళ్లతో ఉన్న ఆ ఒప్పందాన్ని రాతలో ఇంకో దారిన నిలబెట్టడమే కథ రాయడం నేర్పడంలో అసలు పని.

కథ ఎలా ఎత్తుకోవాలో, ఎలా ముగించాలో చెప్పే పాఠం నిజానికి తెలుగు పిల్లలందరి దగ్గరా ఉంది. అది ఏడుచేపల కథ. రాజుగారి కొడుకులు వేటకు పోయి చేపలు తెచ్చి ఎండబెట్టారు, ఒక్క చేప ఎండలేదు. రాజు పేరు లేదు, రాజ్యం పేరు లేదు, రాజు మంచివాడన్న మాట కూడా లేదు. ఆరు ఎండి ఒకటి ఎండకపోవడంతో 'ఎందుకు?' అన్నది వినేవాళ్ల నోటికి దానంతటదే వస్తుంది. అక్కణ్నుంచి తప్పు ఒకరి మీంచి ఒకరి మీదికి, గడ్డి మీంచి ఆవు మీదికి, ఆవు మీంచి మనిషి మీదికి జరుగుతూ పోయి చివరికి చీమ దగ్గర ఆగుతుంది. చీమ ఎవరి మీదికీ నెట్టదు. తన పుట్టలోకి వేలు వచ్చింది, కుట్టింది. నెట్టడానికి ఇంకెవరూ మిగలని చోట కథ ముగిసింది. దీని నీతి ఏమిటని అడిగితే పదిమంది పెద్దలు పది చెబుతారు. కథ మాత్రం ఏదీ చెప్పదు. ఎవరూ దాన్ని లోపమనుకోలేదు.

ఇంత మంచి కథను నోట్లో పెట్టుకున్న పిల్లకు తెల్లకాగితం ఇస్తే 'ఒక ఊరిలో ఒక రాజు ఉండేవాడు. అతడు చాలా మంచివాడు' అని ఎందుకు రాస్తుంది? వినేవాళ్లు ఎదురుగా లేరు కాబట్టి. కాగితానికి అవతల దిద్దేవాళ్లే ఉన్నారు. దిద్దేవాళ్లకు తప్పు లేని వాక్యం చాలు.

కథ మొదలును విమర్శకులు ఎత్తుగడ అంటారు. మను నుంచి మనుగడ వచ్చినట్టు ఎత్తు నుంచి ఎత్తుగడ వచ్చింది. పత్రికలు దాన్ని రాజకీయాలకు వాడీ వాడీ, ఎత్తుగడ అంటే ఎదుటివాణ్ని పడగొట్టే ఉపాయమన్న అర్థమే జనం చెవిలో నిలిచింది. పిల్లలకు కథ నేర్పే పుస్తకాల్లోనూ ఆ వాసన తగులుతుంది: చదివేవాణ్ని మొదటి వాక్యంతోనే పట్టెయ్యాలి, కట్టిపడెయ్యాలి. ఢాం అని పేలుడుతోనో, అమ్మో అన్న కేకతోనో మొదలుపెట్టమంటారు. నాకు ఎత్తు అనే మాటలోని పాత పనులు ఇంతకంటే నచ్చుతాయి. బిడ్డను ఎత్తుకుంటాం. మోపు ఎత్తుకుంటాం. పాట ఎత్తుకుంటాం. భజనలో పాట ఎత్తుకునే మనిషి శ్రుతి పైన పెట్టుకుంటే చరణానికి వచ్చేసరికి గొంతు చాలదు, వెనక పాడేవాళ్లూ అందుకోలేరు. కథా అంతే. కేకతో మొదలుపెట్టిన పిల్ల రెండో వాక్యంలో ఆ కేకను ఏం చేయాలో తెలియక ఆగిపోవడం బడుల్లో మామూలుగా కనిపించేదే. చివరిదాకా మోయగలిగినంతే ఎత్తుకోవాలి, వెంట వచ్చేవాళ్లకు అందేలా ఎత్తుకోవాలి.

ఇదంతా తెలుగు ఇంటిభాషగా ఉన్న పిల్లల సంగతి. ఖమ్మం దాటి కొత్తగూడెం మీదుగా వచ్చి, గోదావరి వంతెన దాటి భద్రాచలం చేరి, దుమ్ముగూడెం, చర్ల వైపు పోతే, ఛత్తీస్‌గఢ్ అడవి అంచు బడుల్లో చాలామంది పిల్లలకు ఇంటిభాష కోయ. ఏటి ఒడ్డున గొమ్ము కోయలు, మీద గుట్ట కోయలు, 2005 తర్వాత సల్వాజుడుం నాటి హింస నుంచి తప్పించుకుని బస్తర్ వైపు నుంచి వచ్చిన గొత్తికోయలు. 'ఒక ఊరిలో' అని రాసే పిల్లకు ఆ ఊరు ఏ రాష్ట్రంలో ఉందన్నది కూడా పెద్దవాళ్లు మార్చిన చోటు ఇది. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. మేనత్త ఒక రాష్ట్రంలో, మేనకోడలు ఇంకో రాష్ట్రంలో. అటూ ఇటూ మాట్లాడేది అదే కోయ.

తెలుగులో ఏరు అంటే పారే నీళ్ల దారి. కోయలో ఏరు అంటే నీళ్లే. ఒక కోయపిల్ల తన కథను 'కుండలో ఏరు లేదు' అని మొదలుపెట్టిందనుకుందాం. తెలుగు సారు కలం వెంటనే 'నీరు' అని దిద్దడానికి వంగుతుంది. కాసేపు ఆ కలాన్ని ఆపుకుంటే ఆ వాక్యం చేస్తున్న పని కనబడుతుంది. ఇల్లు, ఎండాకాలం, చెలమకు పోవాల్సిన మనిషి, ఆ మనిషి ఎవరన్న ప్రశ్న, ఇవన్నీ మూడు మాటల్లో వచ్చేశాయి. కోయ తెలిసినవాళ్లకు నీళ్లు లేని కుండ కనిపిస్తుంది, తెలియనివాళ్లు ఒక్క క్షణం కుండలో ఏటిని చూస్తారు. 'మా ఊరిలో నీటి సమస్య ఎక్కువగా కలదు' అన్న వాక్యానికి ఇందులో ఏదీ చేతకాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టినప్పుడు వాటిలో కోయ కూడా ఉంది, తెలుగు లిపిలోనే వాచకాలు వచ్చాయి. ఆ పనిని విస్తరించి నిలబెట్టాల్సింది. కనీసం కథ మొదటి వాక్యం వరకైనా పిల్లను తన భాషలో ఆలోచించనిచ్చి, మిగతాది తెలుగులో రాయించడానికి ఏ సారుకూ పైనుంచి ఉత్తర్వు అక్కర్లేదు.

కోయలకు కథ చెప్పే వృత్తివాళ్లు ఉన్నారు, డోలీలు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ పరంపరలో మనకాలంలో పేరు తెచ్చుకున్న కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. డోలీల కథలకు ఆధారం పడిగె, వంశాల, వేల్పుల బొమ్మలున్న గుడ్డ జెండా. కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని వంశాల గుంపులుంటాయి. ఏ గట్టు వాళ్ల ముందు ఆ గట్టు పుట్టుక, ఆ గట్టు వేల్పు కథ చెబుతారు. అంటే కథకుడు నోరు తెరిచే ముందే ఎవరికి చెప్పాలో తేలిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలన్నది దాన్ని బట్టి తేలుతుంది. మన రాతబల్లల మీద పిల్లలకు ఇచ్చే సూచనలన్నీ, శీర్షిక పెట్టండి, పాత్రలు ఎంచుకోండి, సన్నివేశం వర్ణించండి అన్నవన్నీ, ఈ ఒక్క విషయాన్ని వదిలేసి మొదలవుతాయి.

వినేవాళ్లకు తెలుగు కథలో ఒక ఉద్యోగం ఉంది, ఊ కొట్టడం. చప్పట్లు కొడతాం, డప్పు కొడతాం, గంట కొడతాం, ఊ కొడతాం. చేతితో చేసే పనికి వాడే క్రియనే ఈ చిన్న శబ్దానికీ ఇచ్చారంటే దాన్ని ఎంత పనిగా లెక్కించారో చూడండి. ఊ ఆగితే కథ ఆగుతుంది. నిద్రపోయారేమోనని నాయనమ్మ తొంగి చూస్తుంది. కథ రాయించే ముందు చెప్పించమని నేను అనేది ఈ ఊ కోసమే. పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, సంగతి తెలిసిన పిల్ల చేత తెలియని పిల్లకు చెప్పించాలి. వినే పిల్ల ఊ కొట్టాలి. ఊ కొట్టడం మరిచిపోయి 'అయితే?' 'మరి అదేమైంది?' అని అడిగిన చోటును ఇద్దరూ గుర్తు పెట్టుకోవాలి. కాగితం మీద కథ అక్కణ్నుంచి ఎత్తుకోవాలి.

వరద గురించి రాయమన్నారనుకోండి. నేరుగా రాస్తే 'భద్రాచలం గోదావరి ఒడ్డున ఉన్న పుణ్యక్షేత్రం. 2022లో ఇక్కడ పెద్ద వరద వచ్చింది' అని వస్తుంది. అదే పిల్ల పక్క పిల్లకు చెబుతుంటే వాన, మైకు, సామాను మూటలు, బస్సు, అన్నీ ఊ ఊ అంటూ గడుస్తాయి. 'బస్సు తలుపు ఏసిన్రు. మా మేక కిందనే ఉన్నది' అనగానే ఊ ఆగిపోతుంది. అదీ మొదటి వాక్యం. పుణ్యక్షేత్రం ఎక్కడుందో తర్వాత చెప్పొచ్చు, చెప్పకపోయినా పోయేదేమీ లేదు.

గుజరాత్‌లో గిజుభాయి 1932లో రాసిన దివాస్వప్న, తెలుగులో పగటి కల, చదివినవారికి గుర్తుండే ఉంటుంది. అల్లరి తరగతిని దారికి తేవడానికి అందులోని మాష్టారు పట్టుకున్నది కథను. రోజుకు కొంత చెప్పి ఆపుతాడు. మరునాడు పిల్లలు తమంతట తామే వచ్చి చుట్టూ కూర్చుంటారు. అక్కడ పిల్లలు విన్నారు. నేను చెప్పేది అవతలి ఒడ్డు సంగతి. అదే పిల్ల చెప్పేచోట కూర్చుని, ఎదుటి ముఖంలో ఆ ఆత్రాన్ని తన కళ్లతో చూడాలి. ఒకసారి చూసిందంటే ఎత్తుగడ గురించి వేరే పాఠం పెద్దగా అవసరం ఉండదు.

ముగింపు దగ్గర పని ఇంకా కష్టం. మనకు దానికీ ఒక మాట ఉంది. కథ కంచికి, మనం ఇంటికి. కంచే ఎందుకన్నదానికి పెద్దవాళ్లు చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. నా దృష్టి ఆ రెండు 'కి'ల మీద ఉంది. ఈ వాక్యంలో క్రియ లేదు. వెళ్లింది, వెళ్లాం, వెళ్దాం, ఏదీ లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం షష్ఠీ విభక్తిలో చేర్చిన కి ప్రత్యయం ఒక్కటే రెండుసార్లు వచ్చి రెండు దిక్కులు చూపిస్తుంది. కథ అటు, మనం ఇటు. అనగనగాలో అన్నవాళ్లు లేరు, ఇక్కడ పోవడం లేదు. మొదలుకు కర్త లేదు, తుదికి క్రియ లేదు, రెండు చోట్లా ఆ ఖాళీని వినేవాళ్లే నింపుకోవాలి. కథ కంచికి అంటే చచ్చిపోయిందని కూడా కాదు. అది తన ఊరికి అది పోయింది, ఇంకొకరు పిలిస్తే వస్తుంది.

బడి కథలో ఈ వీడ్కోలు ఉన్నచోట నీతి వచ్చి కూర్చుంది. 'కాబట్టి మనం ఎప్పుడూ అబద్ధం ఆడరాదు.' పంచతంత్రానికీ ఈసపు కథలకూ నీతి సొంత అవయవం, అక్కడ దాని మీద నాకు ఫిర్యాదు లేదు. వరదలో తప్పిపోయిన మేక కథ రాసిన పిల్లను కూడా 'ఈ కథలోని నీతి ఏమిటి?' అని అడగడమే బాధ. ఆ ప్రశ్న వస్తుందని తెలిసిన పిల్ల మొదటి నుంచీ నీతి వైపే రాసుకుపోతుంది. మేక తప్పిపోయింది ఎవరో అబద్ధం ఆడినందుకు అయిపోతుంది.

భద్రాచలం పిల్లలకు ముగింపు గురించి ఇంకో మాట తెలుసు, అది మైకులో వినపడుతుంది. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీళ్లు 75.6 అడుగులకు వచ్చాయి, 2022 జులైలో 71.3 అడుగులకు. ఏరు తగ్గుముఖం పట్టినప్పుడు అధికారులు హెచ్చరికలను ఒక్కొక్కటిగా ఉపసంహరిస్తారు. తెలుగు వాచకంలో వ్యాసం చివరి భాగాన్నీ ఉపసంహారమే అంటారు. దగ్గరికి వెనక్కి తీసుకోవడమని దాని అర్థం. హెచ్చరికను వెనక్కి తీసుకున్న రోజున వరద కథ అధికారుల కాగితాల్లో ముగుస్తుంది. ఇంటికి తిరిగొచ్చి తలుపు తెరిచే పిల్లకు అప్పుడే మొదలవుతుంది. గోడ మీద బురద గీత ఉంది. ఆ ఏడు అది పిల్ల భుజం దాకా వచ్చింది. రెండేళ్ల తర్వాత పక్కన నిలబడి చూసుకుంటే ఛాతీ దాకే ఉంది, గీత అక్కడే ఉంది, పిల్ల పెరిగింది. కొలిచి చూపించిన ఆ గీత దగ్గర కథ ఆపితే, ప్రకృతి వైపరీత్యాలను ధైర్యంగా ఎదుర్కోవాలన్న వాక్యం కోసం ఎవరూ వెతకరు.

ఉపసంహారం అస్త్రవిద్యలో మాట కూడా. భారతం సౌప్తిక పర్వంలో అశ్వత్థామ అస్త్రం వేశాడు, అర్జునుడూ వేశాడు. వెనక్కి తీసుకోమంటే అర్జునుడు తీసుకోగలిగాడు, అశ్వత్థామకు ఆ శక్తి లేకపోయింది. వెయ్యడం ఒక్కటే వస్తే విద్య సగమే వచ్చినట్టు. కేకతో, పేలుడుతో కథ మొదలుపెట్టడం నేర్పి ఊరుకుంటే మనం పిల్లలకు ఇచ్చేది ఆ సగమే. మీమాంసకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. ఒక గ్రంథం తాత్పర్యం తేల్చడానికి వాళ్లు చెప్పిన గుర్తులు ఆరు. అందులో మొదటిది ఉపక్రమోపసంహారాలు. మొదలు ఒక గుర్తు, తుది ఇంకో గుర్తు అనలేదు. రెండింటినీ కలిపి ఒక్కటిగా లెక్కపెట్టారు. మేకతో ఎత్తుకున్న కథ ధైర్యసాహసాల మీద ముగిస్తే ఆ ఒక్క గుర్తూ చెదిరిపోయినట్టే. మొదటి వాక్యాన్నీ చివరి వాక్యాన్నీ పక్కపక్కన రాయించి, ఈ రెండూ ఒకే కథలోవేనా అని పిల్లల్నే అడిగితే వాళ్లు ఇట్టే పట్టుకుంటారు.

ఇటలీలో జానీ రొదారి 1971లో పిల్లల కోసం ఒక పుస్తకం వేశాడు. అందులో ప్రతి కథకూ మూడు ముగింపులు ఉన్నాయి, నచ్చింది ఎంచుకోవాలి. పుస్తకం చివర తనకు ఏది ఇష్టమో, ఎందుకు ఇష్టమో ఆయనే చెప్పాడు. దీన్ని మన మేక కథకు పెట్టి చూడొచ్చు. ఒక ముగింపులో మేక బడి డాబా మీద దొరుకుతుంది. ఇంకోదానిలో మేక లేదు, కట్టేసిన గుంజకు తాడు ఉంది. మూడోదానిలో మేక దొరికింది, కానీ అది వీళ్లది కాదు, దాని సొంతదార్లు ఎవరో ఇంకా రాలేదు. తరగతి మూడు ముక్కలై వాదించుకుంటుంది, వాదించుకోనివ్వాలి. ఆ తర్వాత సారు కూడా రొదారిలాగే తనకు నచ్చింది ఏదో, ఎందుకో దాపరికం లేకుండా చెప్పాలి. నాకైతే మూడోది. కథ అయిపోయింది, మేకను మాత్రం ఆ రాత్రి ఎక్కడ కట్టెయ్యాలి, పొద్దున్నే పాలు ఎవరు పితకాలి అన్నది ఇంకా తేలలేదు. ఒప్పుకోని పిల్లలు నాలుగోది రాసుకొచ్చి, తెలియని వాళ్లకు చెప్పి, ఊ ఎక్కడ ఆగిందో చూపించాలి.